220 సీడీఐ బండిలో 320 ఇంజిన్ దించుతున్నాను, పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తట్టుకుంటుందా?

బీచ్‌రోడ్_210
నాది 2001 మోడల్ బెంజ్ ఈ220 సీడీఐ, డబ్ల్యూ210 బాడీ, ఐదు గేర్ల ఆటోమేటిక్. ఉప్పుగాలి తిన్న రేకంతా కోయించి కొత్తది వేయించాను, బాడీ ఇప్పుడు గట్టిగా ఉంది. ఇంజిన్ మాత్రం పోయింది. ఒక సిలిండర్‌లో కంప్రెషన్ లేదు, ఆయిల్ తాగేస్తోంది. బోరింగ్, పిస్టన్లు, ఇంజెక్టర్లు అన్నీ చేయించే ఖర్చు లెక్కేస్తే, ఇదే బాడీలో కంపెనీ వాళ్ళే పెట్టిన ఈ320 సీడీఐ ఇంజిన్ దించడం మేలనిపించింది. ఆరు సిలిండర్లు, 3.2 లీటర్లు, 197 హార్స్‌పవర్, టార్క్ (తిప్పే బలం) 470 ఎన్ఎం. నా పాతది 143 హార్స్‌పవర్, 315 ఎన్ఎం. చెన్నై పుదుపేటలో ఇంజిన్, వైరింగ్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కలిపి ఒక సెట్ ఉందట. దాని గేర్‌బాక్స్ మాత్రం అప్పటికే ఎవరికో అమ్మేశారు.

నా బాధంతా గేర్‌బాక్స్ గురించే. ఇప్పుడున్నది 722.6. వేడెక్కాక 2 నుంచి 3కి పడేటప్పుడు ఆర్‌పీఎం ఒక్కసారి లేచి, తర్వాత పట్టుకుంటుంది. ఎలాగూ విప్పించాల్సిందే. ఆటోనగర్‌లో ఒక మేస్త్రి "క్లచ్ ప్లేట్లు, సీల్ కిట్ మార్చేస్తే ఏ ఇంజిన్నైనా లాగేస్తుంది" అన్నాడు. ఇంకొకాయన అసలు చెయ్యి పెట్టనన్నాడు. రేసులు, పందేలు నాకు వద్దు. రోజూ మద్దిలపాలెం నుంచి కూర్మన్నపాలెం, సెలవులకి ఏసీ వేసుకుని ఇంటిల్లిపాదీ అరకు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

గాజువాక_గేర్లు
722.6 అనేది వంశం పేరు. దాని తర్వాత రెండు అంకెలు ఉంటాయి, అవి కావాలి. కేసింగ్ పక్కన, ఆయిల్ పాన్ అంచుకి పైన కొట్టి ఉంటుంది. మురికి తుడిచి ఫొటో పెట్టండి. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి.

కంచరపాలెం_కిట్టు
470 ఎన్ఎం! మా వీధి స్పీడ్ బ్రేకర్లు మీ వెనకాలే వచ్చేస్తాయి గురూ.

డాల్ఫిన్‌నోస్
కిట్టూ, ఆగు, ముందు అసలు విషయం చెప్పనీ.

ఈ బాక్స్ 1996లో బయటికొచ్చింది. లోపల రెండు సైజులున్నాయి. చిన్నది డబ్ల్యూ5ఏ330, పెద్దది డబ్ల్యూ5ఏ580. చివర ఉన్న అంకె ఇన్‌పుట్ షాఫ్ట్ మీదకి ఎన్ని ఎన్ఎం పంపొచ్చో చెబుతుంది. 220 సీడీఐ ఇచ్చేది 315 కాబట్టి చిన్నది సరిపోయింది. 320 సీడీఐకి 470, దానికి పెద్దదే కావాలి.

ప్లేట్లు మారిస్తే చాలన్న మేస్త్రి మాట ఇక్కడే తేలిపోతుంది. రెండిటి రేషియోలు చూడండి. చిన్నదానిలో ఒకటో గేరు 3.93, రెండు 2.41, మూడు 1.49. పెద్దదానిలో 3.59, 2.19, 1.41. నాలుగు రెండిట్లోనూ 1.00, ఐదు 0.83. రేషియోలు వేరంటే లోపలి ప్లానెటరీ గేర్ల పళ్ళే వేరు. ఎన్ని ప్లేట్లు మార్చినా ఆ పళ్ళు, ఆ షాఫ్టులు చిన్న బాక్స్‌వే కదా.

ఎన్ఏడీ_కుర్రాడు
నాకో డౌట్. 330 అని రాస్తే 331 దగ్గర విరిగిపోతుందా? చిప్ ట్యూన్ చేయించిన 220 సీడీఐలు అదే బాక్స్‌తో 370, 380 మీద తిరుగుతున్నాయి కదా?

డాల్ఫిన్‌నోస్
విరగదు. ఆ అంకెలో కొంత మార్జిన్ ఉంటుంది. పెద్ద బాక్స్‌నే తీసుకో. పేరులో 580 ఉన్నా సూపర్‌చార్జర్ ఉన్న ఈ55 ఏఎంజీలో 700 ఎన్ఎం వెనకాల ఇదే ఉంది. మేబాక్ 57లో 900 ఎన్ఎం వెనకాలా ఇదే. క్రైస్లర్ వాళ్ళు కూడా 300సీ ఎస్‌ఆర్‌టీ8లో 6.1 లీటర్ల వీ8కి ఇదే పెట్టారు. ప్లేట్ల సంఖ్య పెంచి, ప్రెజర్ పెంచి, గేరు మారే ఆ క్షణంలో ఇంజిన్ తనంతట తనే టార్క్ తగ్గించుకునేలా చేసి నడిపించారు.

అయితే అది పెద్ద బాక్స్ సంగతి. చిన్నదాని లెక్క చూడు. 315ని 3.93తో గుణిస్తే ఒకటో గేరులో అవుట్‌పుట్ 1,238. అదే బాక్స్‌కి 470 ఇస్తే 1,847. ఇంజిన్‌కీ బాక్స్‌కీ మధ్య ఆయిల్‌తో బలం పంపే టార్క్ కన్వర్టర్ ఉంటుంది, బండి కదిలే ముందు అది దీన్ని ఇంకా పెంచుతుంది. పైగా ఈ డీజిల్ 1,800 ఆర్‌పీఎం దగ్గరే మొత్తం 470 ఇచ్చేస్తుంది. పెట్రోల్ ఇంజిన్‌లా పైకి వెళ్ళాక ఇవ్వడం కాదు, సిగ్నల్ దగ్గర కాలు వేసిన ప్రతిసారీ లోడ్ పడుతుంది.

మర్రిపాలెం_మేస్త్రి
నేను ఒప్పుకోను. ఆటోమేటిక్ బాక్సులు విప్పడం నా పని కాబట్టి చెబుతున్నా. చిన్న బాక్స్ అంటే చిత్తుకాగితం కాదండీ. అన్ని క్లచ్‌లలో కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు, కొత్త స్టీల్ ప్లేట్లు వేసి, వాల్వ్ బాడీలో (క్లచ్‌లకి ఆయిల్ పంపే వాల్వుల దిమ్మ) అరిగిన వాల్వులు మార్చి ప్రెజర్ పడిపోకుండా చూసుకుని, ఈసీయూలో టార్క్ 350 దగ్గర కట్టేస్తే హాయిగా తిరుగుతుంది. ఆయన ఆఫీసుకి, అరకుకి వెళ్తానంటున్నాడు. 350 చాలదా? పెద్ద బాక్స్ వెతికి తెస్తే అదీ ఇరవై ఏళ్ళ పాతదే. దాన్నీ విప్పాలి, దానికీ అవే ప్లేట్లు కొనాలి. ఖర్చు రెండింతలు.

గాజువాక_గేర్లు
మేస్త్రి గారూ, మీ పని మీద గౌరవం ఉంది. ఒక్కటి అడుగుతాను. టార్క్ 350 దగ్గర కట్టేసేటప్పుడు 470 ఇంజిన్ దించడం ఎందుకు? ఉన్న 315 ఇంజిన్ చేయిస్తే పోదా? ఇంకోటి, సాఫ్ట్‌వేర్‌లో వేసిన ఆ కట్టడి రేపు ఎవరో ఈసీయూ మార్చగానే పోతుంది. బండి అమ్మేశాక కొన్నవాడికి ఆ సంగతి తెలియదు. ఘాట్ మీద పిల్లలతో వెళ్తుండగా బాక్స్ జారితే?

మర్రిపాలెం_మేస్త్రి
ఆయన బడ్జెట్ తెలియకుండా మాట్లాడుకుంటున్నాం. పెద్ద బాక్స్ దొరికితే నేనూ అదే వేయమంటాను. దొరక్కపోతే ఉన్నదాన్ని ఎలా బతికించాలో చెప్పానంతే.

బీచ్‌రోడ్_210
ఫొటో పెట్టాను, చూడండి. పాన్ కూడా దింపించాను. అయస్కాంతం మీద నల్లటి పేస్ట్ లాంటిది మందంగా ఉంది, ఇనుప తునకలు లేవు. ఆయిల్ కాలిన వాసన వస్తోంది.

గాజువాక_గేర్లు
ఫొటో చూశాను. చిన్న బాక్సే.

మీరు చెప్పిన 2-3 జారుడు కే2 క్లచ్‌ది. రెండో గేరులో కే1, కే3 క్లచ్‌లు, బీ2 బ్రేకు పట్టి ఉంటాయి. మూడోదానికి వెళ్ళాలంటే కే3 వదలాలి, అదే క్షణంలో కే2 పట్టాలి. కే2 ఆలస్యంగా పడితే ఆ మధ్యలో ఇంజిన్‌కి లోడ్ ఉండదు, ఆర్‌పీఎం లేస్తుంది. తర్వాత 3, 4, 5 గేర్లు మూడిట్లోనూ కే2 పట్టే ఉండాలి. అంటే హైవే మీద లోడంతా దాని మీదే. అరిగిన ఆ నల్ల పేస్ట్‌లో చాలా భాగం కే2 లైనింగే అయి ఉంటుంది. 315కే ఇలా అయిందంటే 470 దగ్గర ఏమవుతుందో మీరే ఆలోచించండి.

అరకు_ఘాట్
ఎంతసేపూ ప్లేట్ల గురించే మాట్లాడుతున్నారు. ఆటో బాక్స్‌ని చంపేది వేడి. తాడు పట్టుకున్న చేతిలోంచి జారితే అరచెయ్యి కాలినట్టే, ప్లేటు పూర్తిగా పట్టకుండా జారితే లైనింగ్ కాలుతుంది. ఆ వేడి ఆయిల్‌కి ఎక్కుతుంది, ఆయిల్ పలచబడితే ప్రెజర్ తగ్గుతుంది, ప్రెజర్ తగ్గితే మళ్ళీ జారుతుంది.

నా బండి సంగతి చెబుతాను, ఇదే బాక్స్. ఒక వర్క్‌షాప్‌లో పూర్తి ఓవర్‌హాలింగ్ చేయించాను. ప్లేట్లు కొత్తవి, ఫిల్టర్ కొత్తది, బిల్లు కూడా గట్టిగానే. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే అనంతగిరి రాకముందే బండి లింప్ మోడ్‌లోకి పోయింది. రెండో గేరు తప్ప ఏదీ పడలేదు. వేరే చోట విప్పిస్తే తెలిసింది, కూలర్ పైపులు, రేడియేటర్‌లోని కూలర్ అసలు ఫ్లష్ చేయలేదు. పాత బాక్స్ నుంచి వచ్చిన నల్ల చెత్త అంతా అక్కడే ఉండి కొత్త బాక్స్‌లోకి తిరిగొచ్చింది. వాల్వులు ఇరుక్కుపోయాయి. వాళ్ళు కూలర్ ఊసే ఎత్తలేదు, పైపెచ్చు నా డ్రైవింగ్‌ని తప్పుపట్టారు. ఆ డబ్బు గురించి ఇప్పటికీ కడుపు మండుతుంది.

కంచరపాలెం_కిట్టు
అన్నా, అయితే బయట వేరే కూలర్ పెట్టాలంటావా? ఎక్కడ పెడతారు?

అరకు_ఘాట్
పెట్టాలి కిట్టూ. ఏసీ కండెన్సర్ ముందు ఆయిల్ కూలర్ ఒకటి బిగించుకోవాలి. రేడియేటర్‌లోని కూలర్‌ని తీసేయకుండా దాని తర్వాత వరుసలో కలపాలి. ఆటోనగర్‌లో హైడ్రాలిక్ హోసులు క్రింప్ చేసే షాపులున్నాయి, కొలత ఇస్తే అక్కడికక్కడే చేసిస్తారు. నీళ్ళ హోసు, క్లిప్పుతో సరిపెట్టొద్దు. ఆ ఆయిల్ వేడికి మామూలు రబ్బరు మెత్తబడిపోతుంది.

రేడియేటర్ పాతదైతే దాన్నీ మార్చేయండి. లోపల కూలర్ చీలి కూలంట్ గేర్ ఆయిల్‌లో కలిస్తే ఫ్రిక్షన్ లైనింగ్ అంటించిన జిగురు ఊడిపోతుంది. అప్పుడు ఎంత మంచి ప్లేట్లు వేసినా దండగే. మన దగ్గర ఉప్పుగాలికి కూలర్ పైపుల జాయింట్లు కూడా తినేస్తాయి, వాటినీ చూసుకోండి.

ఎన్ఏడీ_కుర్రాడు
మహీంద్రా అమ్మిన రెక్స్‌టన్ ఆర్‌ఎక్స్7లో కూడా బెంజ్ ఐదు గేర్ల ఆటోమేటికే కదా? 2.7 డీజిల్, 402 ఎన్ఎం. అవి స్క్రాప్‌లో దొరుకుతాయి. అది తెచ్చి వేసేస్తే?

డాల్ఫిన్‌నోస్
మంచి ప్రశ్న తమ్ముడూ. వంశం ఒకటే, కానీ నేరుగా కూర్చోదు. రెక్స్‌టన్ నాలుగు చక్రాల డ్రైవ్ బండి, బాక్స్ వెనకాల ట్రాన్స్‌ఫర్ కేసు తగులుతుంది. సెడాన్‌లో అక్కడ నేరుగా ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజ్ ఉండాలి. అవుట్‌పుట్ షాఫ్ట్, వెనక హౌసింగ్ తేడా. విడిభాగాల కోసం చూడాలన్నా కోడ్ చదివి, ప్లేటు చేత్తో పట్టుకుని కొలిచాకే.

సింహాచలం_సర్క్యూట్
ఇప్పటిదాకా ఎవరూ కంప్యూటర్ మాటే ఎత్తలేదు. ఈ స్వాప్‌లో సగం తలనొప్పి అక్కడే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

722.6లో గేర్లు మార్చేది టీసీయూ, అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్. వాల్వ్ బాడీ మీద ఆరు సోలినాయిడ్లు. మూడు గేర్లు మార్చడానికి, ఒకటి మాడ్యులేటింగ్ ప్రెజర్‌కి, ఒకటి షిఫ్ట్ ప్రెజర్‌కి, ఒకటి కన్వర్టర్ లాకప్‌కి (కన్వర్టర్‌ని ఇంజిన్‌తో నేరుగా కలిపే క్లచ్). వాటిని కలిపే ప్లాస్టిక్ కండక్టర్ ప్లేటులో ఎన్2, ఎన్3 అని రెండు స్పీడ్ సెన్సర్లు ఉంటాయి. టీసీయూ ఆ సెన్సర్ల స్పీడుని, చక్రాల స్పీడుతో పోల్చి ఇప్పుడు పడిన గేరు రేషియో సరైనదేనా అని నిరంతరం చూస్తూ ఉంటుంది.

ఇప్పుడు చిన్న బాక్స్ టీసీయూ ఉంచేసి పెద్ద బాక్స్ పెట్టారనుకోండి. అది మూడో గేరులో 1.49 కోసం చూస్తుంది, బాక్స్ 1.41 ఇస్తుంది. ప్లేట్లు జారుతున్నాయనుకుని లింప్ మోడ్‌లో పడేస్తుంది. మెకానిక్ ఏమో ప్లేట్లు సరిగా పడలేదని మళ్ళీ బాక్స్ దింపుతాడు. అందుకే పెద్ద బాక్స్ అయితే పెద్ద బాక్స్ టీసీయూ, లేదా స్కానర్‌తో ఆ వేరియంట్‌కి కోడింగ్ చేసినది ఉండాలి.

రెండోది, ఇంజిన్ ఈసీయూ, టీసీయూ క్యాన్ లైన్ మీద మాట్లాడుకుంటాయి. డాల్ఫిన్‌నోస్ పైన చెప్పిన టార్క్ తగ్గించడం దీని ద్వారానే. ఇంజిన్ ఎంత టార్క్ ఇస్తోందో టీసీయూకి సరిగ్గా తెలియకపోతే ప్రెజర్ ఎంత పెట్టాలో దానికి తెలియదు. 470 వస్తుంటే 315కి సరిపడే ప్రెజర్‌తో ప్లేట్లు పట్టిస్తే అవి కొత్తవైనా కాలిపోతాయి. మేస్త్రి గారి పద్ధతిలో నా భయం ఇదే.

మూడోది, ఇమ్మొబిలైజర్, అంటే సరైన తాళం లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని లాక్. పుదుపేట నుంచి ఈసీయూ ఒక్కటే తెస్తే బండి స్టార్ట్ కాదు. ఆ బండి స్టార్టర్ స్విచ్, తాళం కూడా జతగా అడగండి.

నాలుగోది చిన్నదే కానీ అందరినీ ఏడిపిస్తుంది. బాక్స్ పక్కన 13 పిన్నుల ప్లగ్ ఉంటుంది. దాని లోపలి బుష్ ఓ-రింగులు గట్టిపడితే ఆయిల్ వైర్ల లోపల నుంచి పాకి టీసీయూ దాకా వెళ్ళిపోతుంది. బాక్స్ ఎలాగూ కిందికి దింపుతున్నారు. ఇప్పుడే కొత్తది వేసేయండి, కండక్టర్ ప్లేటు కూడా.

బీచ్‌రోడ్_210
సర్క్యూట్ గారూ, ఈ మాట ఆటోనగర్‌లో ఎవరూ చెప్పలేదు. స్టార్టర్ స్విచ్, తాళం కోసం ఇప్పుడే ఫోన్ చేయిస్తాను. నా టీసీయూ బాక్స్ ఒకసారి తెరిచి చూశాను, ప్లగ్ దగ్గర నూనె తడి ఉంది.

సింహాచలం_సర్క్యూట్
అయితే ఆయిల్ పాకినట్టే. కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టండి. వైరింగ్ లోపల మిగిలిన ఆయిల్ కొన్నాళ్ళు కారుతూనే ఉంటుంది, మళ్ళీ చూసి తుడవాలి.

పాతఫైలు_పద్మ
బాక్స్ సంగతి మీరు తేల్చుకుంటున్నారు. ఆర్‌సీ సంగతి ఎవరు తేలుస్తారు? మోటారు వాహనాల చట్టం, 1988, 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాట గట్టిగా చెప్పింది. మీ ఆర్‌సీలో 2,148 సీసీ ఉంటుంది, మీరు దించేది 3,226 సీసీ. ఇంజిన్ నంబర్ కూడా మారుతుంది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేకుండా మారిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

కంచరపాలెం_కిట్టు
పద్మ గారూ, బానెట్ ఎత్తి ఎవరు చూస్తారండీ? బయటికి అదే బండి కదా.

పాతఫైలు_పద్మ
ఎఫ్‌సీ రెన్యువల్‌కి చూస్తారు. 2001 బండి కాబట్టి పదిహేనేళ్ళు ఎప్పుడో దాటిపోయింది, ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. అంతకంటే ముఖ్యం, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు ఇంజిన్ నంబరే చూస్తాడు. ఎదుటివాడికి ఏదైనా అయితే నష్టపరిహారం మీ నెత్తిన పడొచ్చు. ఇంజిన్ కొనకముందే రాతపూర్వకంగా అడగండి. కొనేటప్పుడు ఆ స్క్రాప్ బండి ఆర్‌సీ కాపీ, ఇన్వాయిస్ లేకుండా రూపాయి ఇవ్వకండి. దొంగ బండి ఇంజిన్ అయితే మీరు కోర్టుకి తిరగాలి.

గాజువాక_గేర్లు
పద్మ గారి మాటకి నా ఓటు. అదే మోడల్‌లో కంపెనీ ఇచ్చిన ఇంజిన్ అని అర్జీలో రాయండి. అనుమతి వస్తే ఆర్‌సీలో ఎండార్స్‌మెంట్ (మార్పు నమోదు) తో చేయించుకోండి. రాకపోతే 220 ఇంజిన్నే బాగు చేయించి, ఈ చిన్న బాక్స్‌ని శుభ్రంగా ఓవర్‌హాల్ చేయించండి. అప్పుడు మేస్త్రి గారి పద్ధతే సరైనది.

మర్రిపాలెం_మేస్త్రి
ఇప్పుడు ఒకే దారిలోకి వచ్చాం.

డాక్‌యార్డ్_ఫిట్టర్
ఏ బాక్స్ అయినా విప్పే తీరు ఒకటే. రిటైరయ్యాక కూడా ఈ పని వదల్లేకపోతున్నాను, కాబట్టి చెబుతాను బాబూ, విను.

మొదట శుభ్రం. దుమ్ము ఎగిరే షెడ్డులో వాల్వ్ బాడీ విప్పనివ్వకు. తుడవడానికి పీచు రాలే కాటన్ వేస్ట్ వాడొద్దు, ఆ పీచు వాల్వు సందులో పడితే ఇరుక్కుంటుంది. మన ఊరి తేమకి కడిగి ఆరబెట్టిన డ్రమ్ము రాత్రికి రాత్రే తుప్పు చాయ ఎక్కుతుంది. కడిగిన వెంటనే ఆయిల్ పూసి కవర్లో కట్టు.

ఫ్రిక్షన్ ప్లేట్లు ఎండగా బిగించకూడదు. బాక్స్‌లో పోసే ఆయిల్లోనే బాగా నాననివ్వాలి. స్టీల్ ప్లేట్ల మీద నీలం మచ్చ కనిపిస్తే దాన్ని పక్కన పడెయ్, ఇసుక పేపరు కొట్టి మళ్ళీ వేసేవాడి దగ్గరకి వెళ్ళకు. సెట్టు పేర్చాక ఫీలర్ గేజ్ పెట్టి ఖాళీ కొలవాలి. ఖాళీ ఎక్కువైతే పట్టు ఆలస్యం, తక్కువైతే వదిలాక కూడా రాసుకుంటూ కాలుతుంది. దాన్ని సరిచేసేది పై సర్క్లిప్ (ప్లేట్లని పట్టి ఉంచే రింగు) మందం. వేరు వేరు మందాల్లో వస్తాయి, కొలత బట్టి వెయ్యాలి. చాలామంది పాత సర్క్లిప్పే తిరిగి కొట్టేస్తారు. కొత్త ప్లేట్ల మందం వేరైతే ఆ కొలత ఎలా కలుస్తుంది?

ప్రతి క్లచ్ బిగించాక గాలి కొట్టి చూడాలి. తక్కువ ప్రెజర్‌తో ఆయిల్ రంధ్రంలో కొడితే పిస్టన్ "ధబ్" మని కదలాలి, గాలి తీయగానే వెనక్కి రావాలి. బుస్సుమని కారితే సీల్ చిరిగినట్టు. ఫ్రీవీల్ ఒకవైపు తిరగాలి, రెండోవైపు బిగియాలి. చేత్తోనే తెలుస్తుంది. సూది బేరింగులు జారిపోకుండా గ్రీజు పెట్టకు, వాసెలిన్ పెట్టు. వాసెలిన్ వేడికి ఆయిల్లో కరిగిపోతుంది, గ్రీజు ముద్దలుగా వెళ్ళి ఫిల్టర్ మూసేస్తుంది. ఆఖరున షాఫ్ట్ ఎండ్ ప్లే (ముందుకీ వెనక్కీ కదిలే ఖాళీ) డయల్ గేజ్‌తో కొలిచి కాగితం మీద రాయించుకో. కొలతలు రాసివ్వని మేస్త్రి కొలవలేదని అర్థం.

మర్రిపాలెం_మేస్త్రి
గురువు గారు చెప్పినదాంట్లో ప్రతి అక్షరం నిజం. ఒకటి కలుపుతాను. టార్క్ కన్వర్టర్‌ని కడిగి వేసేస్తే చాలదు. ఈ బాక్స్‌లో లాకప్ 3, 4, 5 గేర్లలో కొంచెం జారుతూ పనిచేసేలా చేశారు, అందుకే లోపలి లైనింగ్ అరుగుతుంది. లేతు మీద కోసి, లైనింగ్ మార్చి, మళ్ళీ వెల్డింగ్ చేసి బ్యాలెన్స్ చూడాలి. ఇది ప్రతి లేతు షాపు చేసే పని కాదు, కన్వర్టర్ పని తెలిసినవాళ్ళకే ఇవ్వండి.

బీచ్‌రోడ్_210
అందరికీ అప్‌డేట్. అర్జీ రాసి ఆర్‌టీవో ఆఫీసులో ఇచ్చాను, రసీదు ఉంది. ఇంజిన్‌కి అడ్వాన్స్ ఇవ్వలేదు. ఈలోగా హైదరాబాద్‌లో ఒక ఈ430 పెట్రోల్ వీ8 స్క్రాప్‌కి వచ్చింది. గేర్‌బాక్స్ టీసీయూతో సహా ఇస్తామంటున్నారు. కోడ్ చూపించాను, 580 అని ఇద్దరు చెప్పారు. పెట్రోల్ బాక్స్ డీజిల్‌కి పనికొస్తుందా?

డాల్ఫిన్‌నోస్
లోపలి సరుకు పనికొస్తుంది. ఆ వీ8 400 ఎన్ఎం, 279 హార్స్‌పవర్. అయితే ఇంజిన్‌కి తగిలే బెల్ హౌసింగ్ వేరు. అదృష్టం ఏంటంటే ఈ బాక్స్‌లో బెల్ హౌసింగ్ విడిగా విప్పి మార్చుకునేదే. డీజిల్ హౌసింగ్ తెచ్చి లోతు, పంపు బోల్టుల వరుస రెండూ కొలిచి కలిస్తేనే డబ్బివ్వండి.

కన్వర్టర్ మాత్రం పెట్రోల్‌ది వద్దు. అది ఇంజిన్ పైకి తిరిగాక పట్టేలా ఉంటుంది. మీ డీజిల్‌కి పట్టు కిందే కావాలి, లేకపోతే సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఊరికే తిరుగుతూ ఆయిల్ వేడెక్కిస్తుంది. 320 సీడీఐ కన్వర్టరే వెతకండి.

సింహాచలం_సర్క్యూట్
టీసీయూ కూడా పెట్రోల్ ఇంజిన్ లెక్కలతో ఉంటుంది. 320 సీడీఐ టీసీయూ దొరికితే అది, లేదంటే ఇదే స్కానర్‌తో డీజిల్ వేరియంట్‌కి మార్పించాలి. షిఫ్ట్ పాయింట్లు పెట్రోల్‌వి ఉంచేస్తే మూడో గేరు పడటానికి ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది.

ఎన్ఏడీ_కుర్రాడు
వెనక డిఫరెన్షియల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ అవే సరిపోతాయా?

డాల్ఫిన్‌నోస్
షాఫ్ట్ పొడవు కొలవాలి. రబ్బర్ ఫ్లెక్స్ డిస్కులు రెండూ కొత్తవి వేయాలి, పగుళ్ళు ఉన్నది 470కి ఆగదు. డిఫరెన్షియల్ 320 సీడీఐది దొరికితే మంచిది, హైవే మీద ఆర్‌పీఎం తగ్గుతుంది. ముందు స్ప్రింగులు, బ్రేకులు కూడా 320వి. ఆరు సిలిండర్ల బరువు పాత స్ప్రింగుల మీద పెడితే ముక్కు కిందికి వాలిపోతుంది.

అరకు_ఘాట్
ఆయిల్ గురించి చివరి మాట. డబ్బా మీద బెంజ్ 236.14 ఆమోదం రాసి ఉన్నదే తీసుకోండి, ఎర్రగా ఉంది కదా అని పవర్ స్టీరింగ్ ఆయిల్ పోసేవాళ్ళున్నారు. ఈ బాక్స్‌కి బండిలో డిప్‌స్టిక్ ఉండదు, ట్యూబ్ మీద మూత మాత్రమే. వర్క్‌షాప్ కొలబద్ద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ 80 డిగ్రీలు ఉన్నప్పుడు చూడాలి. ఆ వేడి స్కానర్‌లో కనిపిస్తుంది. ఎక్కువ పోస్తే నురగ పట్టి ప్రెజర్ పోతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు లీవర్‌ని ఎడమకి తట్టి మూడులో ఉంచండి. 4కి, 3కి ఊగిసలాడకుండా ఉంటే ఆయిల్ చల్లగా ఉంటుంది.

బీచ్‌రోడ్_210
నిర్ణయం చెబుతున్నాను. అనుమతి కాగితం చేతికి వచ్చాకే ఇంజిన్. వస్తే 580 బాక్స్, 320 కన్వర్టర్, కొత్త రేడియేటర్, బయట కూలర్. రాకపోతే నా 220 ఇంజిన్, ఈ చిన్న బాక్స్, రెండూ మళ్ళీ చేయిస్తాను. ఎలాగైనా బాక్స్ మర్రిపాలెం మేస్త్రి గారి దగ్గరే విప్పిస్తాను, డాక్‌యార్డ్ గురువు గారు చెప్పిన కొలతలన్నీ రాయించుకుంటాను.

మర్రిపాలెం_మేస్త్రి
తప్పకుండా. కొలతల కాగితం మీద సంతకం కూడా పెట్టిస్తాను.

డాక్‌యార్డ్_ఫిట్టర్
బాక్స్ ఎత్తే రోజు ఒక్కటి గుర్తుంచుకో బాబూ. కన్వర్టర్‌ని పంపులోకి తోసేటప్పుడు తిప్పుతూ తొయ్యాలి, అది మెట్లు మెట్లుగా లోపలికి దిగుతుంది. పూర్తిగా దిగిందా లేదా అని స్కేలు పెట్టి బెల్ హౌసింగ్ అంచు నుంచి కొలవాలి. దిగకుండానే బెల్ హౌసింగ్ బోల్టులు బిగించి లాగితే పంపు పగులుతుంది, అంత పనీ మళ్ళీ మొదటికి. బోల్టులు చేత్తో చివరిదాకా తిరగాలి. తిరక్కపోతే ఆపి, బాక్స్ వెనక్కి తీసి చూడండి.